కుండకెన్ని సోకులో!

గోడలకు మేకులు కొట్టరాదు. స్టిక్కర్లు, పోస్టర్లు అంటించరాదు. గదిలో కరెంటు పొయ్యి వాడరాదు. కిటికీ ఊచలకు తడిబట్టలు ఆరేయరాదు. రాత్రి పది దాటితే గేటు తీయబడదు. అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో ఏ లేడీస్ హాస్టల్లో కాలుపెట్టినా మెట్ల మొదట్లో ఇలాంటి బోర్డొకటి ఎదురొస్తుంది. అందులో ఎంత వెతికినా పూలకుండీల ఊసు మాత్రం ఉండదు. మేం గ్రూప్స్‌కి చదివేవాళ్లం, రాజ్యాంగాన్ని రెండు పూటలా నమిలేవాళ్లం. రాతలో నిషేధించనిదాన్ని హక్కు కింద జమకట్టుకోవడం మాకు వెన్నతో పెట్టిన విద్య. గోడ హాస్టల్ నడిపే ఆంటీది, మంచం ఆంటీది, ఫ్యాను ఆంటీది, అది తిరగాలా వద్దా అన్న నిర్ణయం కరెంటోళ్లది. మన ఇష్టమొచ్చినట్టు గీసుకోవడానికి మిగిలిన జాగా ఆరంగుళాల మట్టికుండీ ఒక్కటే. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు కుండీల మీద పడి రంగులెందుకు పూస్తారయ్యా అంటే, ఇందుకు.

మాది త్రీ షేరింగు గది. ఇలాంటి చోట అమ్మానాన్నలు పెట్టిన పేర్లు హాల్‌టికెట్టుకే పరిమితం. పిలుపులన్నీ ఊళ్లతోనే. ఒకామె నిర్మల్, ఒకామె ఖమ్మం. మా పల్లె చేర్యాల పక్కనే కాబట్టి నేను చేర్యాల. మా పిలుపులు వింటే హస్తకళలు తెలిసినవాళ్లెవరైనా చేతులెత్తి దండం పెట్టేస్తారు. నిర్మల్ అంటే పొణికి కర్ర బొమ్మలు. చేర్యాల అంటే నకాశీ పటాలు. లెక్క ప్రకారం మా గదిలో కళ పొంగి మెట్ల మీదికి పారుతుండాలి. అసలు సంగతేమిటంటే, నిర్మల్ వాళ్ల నాన్న కరెంటాఫీసులో గుమాస్తా. ఆమె చివరిసారి గీసిన బొమ్మ పదో తరగతి జీవశాస్త్రంలో మూత్రపిండం. దానికీ సారు ఒక మార్కు కోశారు. ఇక నేను నకాశీ పటాన్ని దగ్గరగా చూసింది మాదాపూర్ శిల్పారామంలో, అదీ టికెట్టు కొనుక్కుని. ఏ కళకూ పేరు పెట్టుకోకుండా నిమ్మళంగా వచ్చి చేరినామె ఖమ్మం ఒక్కతే.

అందరికంటే ముందు గదిలోకి వచ్చింది మొక్క. నిర్మల్ సెలవులకు ఇంటికి పోయి, వచ్చేటప్పుడు సగానికి కోసిన నీళ్ల సీసాలో మనీప్లాంటు తీగ పట్టుకొచ్చింది. మనీప్లాంటు అడిగి తెచ్చుకుంటే కలిసిరాదు, చెప్పకుండా తెచ్చుకుంటేనే కలిసొస్తుందని మనవాళ్ల గట్టి నమ్మకం. ఈ తీగ ఎలా వచ్చిందన్న విషయంలో నిర్మల్ ఇప్పటికీ నోరు మెదపదు. పాపం దాని పుట్టిల్లు ఎక్కడో ఫ్రెంచ్ పాలినీషియాలో మోరియా అనే దీవి. సముద్రాలు దాటొచ్చి, ఇక్కడ ఎవరి ప్రహరీగోడ మీదో పాకి, మన ఇళ్లల్లో ఆడామగా అందరి చేతా చిల్లర దొంగతనాలు చేయిస్తోంది.

మొక్కను చూడగానే ఆంటీ కనుబొమ్మలు పైకి లేచాయి. మట్టి పడుతుంది, దోమలొస్తాయి, నీళ్లు కారతాయి అని మూడు వేళ్లు మడిచింది. నాలుగో వేలు మడవకముందే నిర్మల్ అందుకుని, "గాలి శుభ్రమైతది ఆంటీ, నాసావోళ్లే చెప్పిన్రు" అంది. నాసా అనగానే ఆంటీ మెత్తబడింది. మా ఆంటీకి దేవుడి తర్వాత నాసా అంటేనే గురి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే కుండీ కొనే ప్రతివాళ్లూ ఈ నాసా ముచ్చట చెబుతారు. 1989లో వుల్వర్టన్ అనే శాస్త్రవేత్త నాసా కోసం ఆ ప్రయోగం చేసిన మాట నిజమే. అయితే చేసింది గాలి చొరబడని మూత పెట్టెల్లో. తలుపు తీసి, కిటికీ తీసి, జనం తిరిగే గదుల్లో కాదు. 2019లో ఇద్దరు పరిశోధకులు అంతవరకూ జరిగిన ప్రయోగాలన్నీ ముందేసుకుని లెక్కగట్టారు. మామూలుగా ఇంట్లోకి గాలి వచ్చిపోతూ చేసే పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు పెట్టాలని తేలింది. మా గది పన్నెండుకు పది అడుగులు, అంటే సుమారు 11 చదరపు మీటర్లు. తక్కువలో తక్కువ 110 మొక్కలు కావాలి. ఎక్కువ లెక్క పట్టుకుంటే 11,000. అప్పుడు మొక్కల్ని మంచాల మీద పడుకోబెట్టి మేం ముగ్గురం వరండాలో చాపేసుకోవాలి. ఆంటీకి మేం 1989 దాకానే చెప్పాం. కరెంట్ అఫైర్స్ ఆమె సిలబస్‌లో లేదు.

ఇక కుండీలు. రోడ్డు పక్కన పరదా కట్టుకుని కుండలమ్మే పెద్దమ్మ దగ్గరికి పోయాం. రంగులేసినవి ఒకవైపు, వెయ్యనివి ఒకవైపు. రంగువాటి మీద బంగారు గీతలు, ఎర్రగులాబీలు, హంసలు. ధర రెట్టింపు. ఉత్తవి చాలన్నాం. పెద్దమ్మ ఒక్కో కుండీని ఎడమచేతి మీద బోర్లించి, కుడిచేతి వేలి కణుపుతో టంగున కొట్టి చూపించింది. "సప్పుడు ఇను బిడ్డా. ఖంగుమంటే మంచిగ కాలినట్టు. మొద్దుగ మోగిందంటే పగులున్నట్టు" అంది. ఎన్ని కోచింగులు తీసుకున్నా ఇంత తేలిగ్గా మంచీచెడూ పట్టేసే పద్ధతి మాకెవరూ నేర్పలేదు. రంగులు మేమే వేసుకుంటామంటే పెద్దమ్మ మా ముగ్గురినీ తేరిపార చూసి, "ఎయ్యుండ్రి, మంచిదే. మళ్ల ఉత్తయి కొనుక్కపోనీకి నా దగ్గరికే వస్తరు" అని ఒక నవ్వు నవ్వింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. మాకు గుదియ కూడా అక్కర్లేకపోయింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర షేర్ ఆటో స్పీడ్‌బ్రేకరెక్కితే చాలింది. పగిలిన కుండీ పెంకుల్ని ఖమ్మం పారేయనివ్వలేదు. కుండీ అడుగు చిల్లు మీద పెంకు బోర్లిస్తే మట్టి కారదు, నీళ్లు మాత్రం కారతాయట. ఆమె అక్కడ మొదలుపెట్టింది, పెత్తనం ఇంకా దిగలేదు.

ఆ రాత్రి ఏం బొమ్మలు వెయ్యాలన్న దాని మీద శాసనసభ నడిచింది. నా ఓటు చేర్యాలకు. ఎందుకంటే మాకు ఆ పాఠం కంఠతా వచ్చు. ఖద్దరు గుడ్డ తీసుకుని, గంజి, తెల్లమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, బంక కలిపి పూత మీద పూత పూస్తారు. ఆరాక బొమ్మలు గీస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని పొడుగునా విప్పుకుంటూ కులపురాణాలు పాడతారు. పటం వెనక రంగు ఎరుపు. ఇదంతా తెలంగాణ సంస్కృతి పేపర్లో బిట్టు. నేపథ్యం ఎరుపు అన్న బిట్టు గుర్తుకురాగానే నిర్మల్ మంచం మీద లేచి నిలబడింది. "మన కుండీ ఎట్లాగూ ఎర్రగనే ఉంది గదా. అంటే సగం చేర్యాల అయిపోయినట్టే!" అంది. మిగతా సగం, అంటే మనుషులూ దేవుళ్లూ జంతువులూ పూలూ మాత్రం ఎవరు వేస్తారన్న దగ్గర సభ వాయిదా పడింది.

మర్నాడు పక్కగది వాళ్లు వార్లీ తీర్మానం తెచ్చారు. ఈ వార్లీ సంగతి కాస్త గట్టిగా మాట్లాడాలి. మీరు ఏ విద్యార్థి గదికి పోయినా, ఏ కాఫీ హోటల్‌కి పోయినా, ఏ కుండీ చూసినా ఎర్రటి నేల మీద తెల్లటి పుల్లమనుషులు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటారు. బొమ్మలు వెయ్యడం రానివాళ్లందరికీ వార్లీ అంటే ప్రాణం. తలకు సున్నా, ఒంటికి రెండు త్రికోణాలు, కాళ్లూ చేతులకు నాలుగు గీతలు, అయిపోయింది ఆదివాసీ కళ! మహారాష్ట్ర పాల్ఘర్ అడవుల్లో వార్లీలు పెళ్లింట ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, చివర నమిలిన వెదురుపుల్లే కుంచెగా వేసే బొమ్మలవి. ఎన్నో తరాలు ఆ పని ఆడవాళ్లదే. తర్వాత జివ్య సోమ మశే అనే ఆయన దాన్ని కాగితం మీదికి, దేశదేశాలకూ తీసుకెళ్లాడు. 2011లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పుల్లమనిషి గీస్తే వాడు వల విసురుతున్నాడో, వంగి నాట్లేస్తున్నాడో తెలుస్తుంది. మా పక్కగది కుండీ మీద మనుషులు ఏం చేస్తున్నారంటే, వాళ్లూ గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు. త్రికోణాలు సరిగ్గా రాక నడుములు మాయమై ఒకళ్లిద్దరు గ్యాస్ సిలిండర్లుగా మారారు.

నిర్మల్‌కి రోషం వచ్చింది. ఊరి పేరు నిలబెట్టాలని బాపు బొమ్మకు దిగింది. బాపుగారి అమ్మాయి చూడ్డానికి నాలుగు గీతలే. ఆ నాలుగూ ఎక్కడ పడాలో ఆయనకే తెలుసు. చదునుగా ఉన్న కాగితం మీదే మనకు చేతకానిది, గుండ్రటి కుండీ మీద, అందులోనూ పైన లావు కింద సన్నం ఉన్నదాని మీద వెయ్యబోతే ఏమవుతుంది? జడ బాగానే వచ్చింది. నుదుటి బొట్టు ఇంకా బాగా వచ్చింది. కళ్లు మాత్రం ఒకటి ముషీరాబాద్ వైపు, ఒకటి నారాయణగూడ వైపు చూశాయి. సరిచెయ్యబోతే పెద్దవయ్యాయి. కాటుక దిద్దబోతే ఇంకా పెద్దవయ్యాయి. నోరు ఎర్రగా వెయ్యాలని గోళ్లరంగు వాడింది, అది కిందికి జారి చుబుకం దాకా వచ్చింది. రాత్రి కరెంటు పోయినప్పుడు ఖమ్మం సెల్‌ఫోను లైటు దాని మీద వేసి, ఆ తర్వాత చాలాసేపు మంచం దిగలేదు.

ఆంటీ మాత్రం ఆ కుండీని చూసి ముచ్చటపడిపోయింది. నిర్మల్ కళ్లలో వెలుగొచ్చింది. "ఎంత బాగేశావమ్మా! ఎదురు హాస్టలామె కళ్లు మంచివి కావు. ఇది గేటు మీద పెడదాం" అంది ఆంటీ. పొలాల్లో, కట్టే ఇళ్ల ముందు నల్లకుండకు సున్నపు బొట్లు పెట్టి బోర్లించడం మనకు కొత్తేమీ కాదు. అలా మా గది నుంచి పుట్టిన మొదటి కళాఖండం దిష్టికుండగా గేటెక్కింది. కొరియర్ అబ్బాయిలు ఇప్పుడు గేటు బయటి నుంచే ఫోన్ చేస్తున్నారు, లోపలికి రావడం లేదు.

ఇదంతా జరుగుతుండగా ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఏం చేస్తున్నవే అంటే, కుండలకు రంగులేస్తున్నాం అన్నాను. అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత మా అమ్మ గొంతు మారింది. "ఐరేని కుండలా? పిలగాడెవడే?" మా వైపు పెళ్లికి ముందు కుమ్మరి వాళ్లింటికి బ్యాండుతో పోయి, సున్నం పూసి రంగురంగుల చుక్కలూ తీగలూ దిద్దిన కుండలు తెచ్చుకుంటాం. మా అమ్మ లెక్కలో కుండకు రంగు పడిందంటే ఇంట్లో పెళ్లి పడినట్టే. లేకుంటే ఆషాఢంలో బోనం. ఊరికే, ఏ కారణమూ లేకుండా, పక్కన ఇండియన్ ఎకానమీ పుస్తకం తెరిచిపెట్టి, ఎవరైనా కుండకు బొమ్మలు వేస్తారంటే ఆమె నమ్మదు. మొక్క కోసం అని చెప్పాను. "మొక్కకు రంగెందుకే, దానికి కండ్లున్నయా?" అని విసురుగా పెట్టేసింది. పొద్దున్నే మళ్లీ చేసి, కులమేమిటో మాత్రం చెప్పమంది.

మా అమ్మ ప్రశ్నలో విషయం లేకపోలేదు. మట్టికుండీకి ఒళ్లంతా సన్నటి రంధ్రాలే. నీళ్లు లోపలి నుంచి గోడల్లోకి ఊరి, బయట గాలికి ఆరుతుంటాయి. ఎండాకాలం రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఈ కిటుకుతోనే. మొక్క వేళ్లకు గాలి ఆడేది కూడా దీనివల్లే. అలాంటి కుండీ బయట మనం మందంగా రంగు పూస్తాం. నీళ్లు పోస్తాం. ఆ తడి బయటికి రావాలని తోస్తుంది, రంగు వద్దని అడ్డం నిలబడుతుంది. కొన్నాళ్లకు వేయించిన అప్పడం మీదలాగా బుడగలు లేస్తాయి. గోటితో గిల్లితే పొర పొరంతా చేతికి వస్తుంది. ఆపైన మన హాస్టల్ బోరు నీళ్లు! బకెట్టుకే తెల్లచారలు పడే నీళ్లవి. అందులోని ఉప్పు తడితోపాటు కుండీ గోడలోంచి బయటికొచ్చి తెల్లగా పొంగుతుంది. పక్కగది వార్లీ మనుషుల మీద అలాగే మంచు కురిసింది. వాళ్లు దాన్ని హిమాలయ వార్లీ అని పేరు పెట్టుకుని మురిసిపోయారు.

దుకాణంలో అడిగితే దీనికో విరుగుడు చెబుతారు. కుండీని కడిగి, ఒక రోజంతా ఆరబెట్టి, గరుకు కాగితం పట్టి, లోపల నీళ్లు పీల్చని పూత పూసి, బయట ప్రైమరు, దాని మీద యాక్రిలిక్ రంగు, దాని మీద వార్నీషు వెయ్యాలట. వేస్తే నిలబడుతుంది, కాదనను. కానీ లోపలా బయటా మూసేశాక అది మట్టికుండీ ఎందుకవుతుంది? ప్లాస్టిక్ డబ్బా కొనుక్కుంటే పోయేదిగా, బరువూ తక్కువ, పైసలూ తక్కువ. అంతకంటే తెలివైన పని ఖమ్మం చేసింది. మొక్కను నర్సరీ నుంచి వచ్చిన నల్ల ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్ని బొమ్మలేసిన పెద్దకుండీలో దించింది. నీళ్లు పొయ్యాల్సొచ్చినప్పుడు పైకి తీసి, బాత్రూములో పోసి, కారడం ఆగాక మళ్లీ లోపల పెడుతుంది. బయటి కుండీకి చుక్క తడి తగలదు, బొమ్మ చెక్కు చెదరదు. పైన పటారం లోన లొటారం అన్నది తిట్టుగా పుట్టిన మాటే గానీ, కుండీల విషయంలో అంతకు మించిన పద్ధతి లేదు.

రెండు గదుల అవతల ఒకామె ఉంది, మహబూబ్‌నగర్. ఆమెది అలంకార పిచ్చి. జనపనార తాడు తెచ్చి, కుండీ చుట్టూ ఫెవికాల్‌తో అడుగు నుంచి అంచు దాకా సందు లేకుండా చుట్టింది. చూడ్డానికి నిజంగా ముద్దుగా ఉండేది. తాడు తడి పీల్చుకుని ఆరక, వానాకాలం రాగానే బూజు పట్టి వాసన మొదలైంది. దాన్ని ఊడబీకి, ఈసారి దినపత్రికల్లోని పోటీపరీక్షల పేజీలు చింపి అంటించింది. చదివినట్టూ ఉంటుంది, అందంగానూ ఉంటుందని ఆమె వాదన. అవీ నానాయి. అన్నిటికంటే ఘనకార్యం మూడోది. కింది చిల్లులోంచి నీళ్లు కారి రూమ్మేటు ర్యాకులో నోట్సు తడిశాయని గొడవైతే, ఎం-సీల్ తెచ్చి చిల్లు మూసేసింది. నీళ్లు కారడం ఆగిపోయింది. కొద్దిరోజులకు మొక్క కూడా ఆగిపోయింది. వేళ్లు కుళ్లి, మట్టి తీస్తే ముక్కు మూసుకోవాల్సొచ్చింది. చనిపోయింది కలబంద. ఎడారిలో బతికే మొక్కను నీళ్లలో ముంచి చంపడానికి కూడా ఒక ప్రత్యేకమైన శ్రద్ధ ఉండాలి.

ఇంత సందడిలోనూ పనికొచ్చేలా కుండీ దిద్దింది ఖమ్మం ఒక్కతే. ఆమె సంక్రాంతి ముగ్గుల మనిషి. వాకిట్లో ఎన్ని చుక్కల ముగ్గైనా వంచిన నడుము ఎత్తకుండా వేసేస్తుంది. అదే ముగ్గు కుండీ చుట్టూ వెయ్యబోతే చిక్కొచ్చిపడింది. నేల చదును, ఎటు చూసినా ఒకే ఎడం. కుండీ అంచు దగ్గర వెడల్పు, అడుగుకు పోనుపోను చుట్టుకొలత తగ్గుతుంది. పైన విడివిడిగా ఉన్న చుక్కలు కింద ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. ఇంకో తిప్పలు, చుట్టూ పూలు వేసుకుంటూ పోయి మొదటి పువ్వు దగ్గరికి వచ్చేసరికి మిగిలిన జాగా అరపువ్వుకే సరిపోతుంది. అందరి కుండీల మీదా గోడవైపు తిప్పిపెట్టే ఆ ఇరుకుపువ్వు ఒకటుంటుంది, కావాలంటే తిప్పి చూడండి. ఖమ్మం కాసేపు కుండీని ఒళ్లో పెట్టుకుని తిప్పింది. తర్వాత రఫ్ నోట్సు చింపి, పొడుగాటి పట్టీ చేసి, అంచు చుట్టూ చుట్టి, సరిగ్గా కలిసేచోట కత్తిరించింది. పట్టీని సగానికి మడిచింది, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి. విప్పితే ఎనిమిది సమానమైన మడతలు. దాన్ని తిరిగి అంచుకు చుట్టి మడత మడతకీ పెన్సిల్‌తో చుక్క పెట్టింది. అడుగున కూడా అలాగే ఇంకో పట్టీ. పై చుక్కకూ కింది చుక్కకూ గీత కలిపితే కుండీ నిండా ఎనిమిది నిలువు గళ్లు, పైన వెడల్పు, కింద సన్నం. ఒక్కో గడిలో ఒక్కో తామర, పైరేకులు పెద్దవి, కిందిరేకులు చిన్నవి. ఇరుకుపువ్వు లేని కుండీ నేను మొదటిసారి చూశాను.

మొదట ఆమె బియ్యప్పిండి జారుగా కలిపి వేసింది. ముగ్గు వేసేది చీమలకింత తిండి పెట్టడానికే అని పెద్దవాళ్లు చెప్పే మాట ఊరికే చెప్పింది కాదని తెల్లారేసరికి రుజువైంది. చీమలు కిటికీలోంచి బారులు తీరి వచ్చి, మూడు తామరలు తినేసి, నాలుగోదాని కోసం నా దిండు మీదుగా దగ్గరిదారి వేసుకున్నాయి. దాంతో పిండి మానేసి పాన్‌డబ్బాలో తాంబూలం సున్నం కొనుక్కొచ్చింది. పూజసామాను కొట్టులో జాజు దొరికింది. మన పల్లెల్లో పండక్కి అరుగులకూ గోడలకూ అలికే ఎర్రమట్టి అదే. కుండీకి ముందు జాజు నీళ్లు పట్టించి, అది ఆరాక, కాస్త తుమ్మబంక కలిపిన సున్నంతో సన్నపుల్ల పట్టి తామరలు దిద్దింది. సున్నం వేస్తున్నప్పుడు నీళ్లనీళ్లగా కనపడీ కనపడనట్టు ఉంటుంది. వేసిన గీత మీదే మళ్లీ గియ్యాలనిపిస్తుంది. ఖమ్మం మా చేతుల మీద కొట్టి ఆగమంది. ఆరేకొద్దీ అదే తెల్లబడుతూ వచ్చింది. మట్టి మీద మట్టి, దాని మీద సున్నం. రెండూ తడిని ఆపవు, కుండీని ఊపిరి తీసుకోనిస్తాయి. బుడగల్లేవు, పొరలు లేవడాల్లేవు. నీళ్లు కారినచోట కొంచెం కరిగిపోతుంది, ఆదివారం నాడు మళ్లీ దిద్దుకుంటే సరి. రంగుడబ్బాలకూ కుంచెలకూ పక్కగది పెట్టిన ఖర్చుతో పోలిస్తే మాకైంది టీ, సమోసా ఖర్చు.

కుంచెలంటే గుర్తొచ్చింది. పక్కగది వాళ్లు పాత టూత్‌బ్రష్ రంగులో ముంచి బొటనవేలితో గీరి, కుండీ మీద తుంపర్లు పడేలా చేద్దామనుకున్నారు. కుండీ మీద పదిచుక్కలు పడ్డాయి. మిగిలినవన్నీ ఆంటీ గోడ మీద. ఆ వారమే మెట్ల దగ్గర బోర్డులో కొత్త గీత వెలిసింది, "గదులలో కుండలకు రంగులు వేయరాదు" అని. సున్నం రంగు కిందికి వస్తుందా, జాజు రంగు కిందికి వస్తుందా అన్న మీమాంస మా గదిలో రెండు రాత్రులు నడిచింది. పాలిటీ చదివిన ఉపకారం ఇలాంటి చోటే బయటపడుతుంది. రంగంటే డబ్బాలో దొరికేదనీ, సున్నం తాంబూల ద్రవ్యమనీ, జాజు పూజాద్రవ్యమనీ మేం ఏకగ్రీవంగా తేల్చుకున్నాం. పూజాద్రవ్యాన్ని ఆంటీ ఎలాగూ కాదనలేదు.

నిర్మల్ మనీప్లాంటు సంగతి చెప్పలేదు కదూ. అది ఇప్పటికీ సీసాలోనే ఉంది. కోసిన నీళ్లసీసా పోయి జామ్ సీసా వచ్చింది. గాజుసీసాకు వెలుతురు తగిలితే నీళ్లు పచ్చబడి పాచి పడుతుంది, వేళ్లకు చీకటే హాయి. అందుకని సీసాకు బయటంతా రంగు పూయడం ఒక్కటే ఈ అలంకారాలన్నిటిలో మొక్క అడిగి చేయించుకోదగ్గ పని. నిర్మల్ బోర్డుకు భయపడి రంగు మానేసి, పాత పావడా గుడ్డ చుట్టింది. బాపు బొమ్మ కంటే అదే బాగుంది, ఆమెకు చెప్పకండి. ఇంకో మాట, కిటికీలో పడమటెండ తగిలేచోట నల్లరంగు, ముదురు నీలం వేసిన కుండీలు పెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు ఎండ నలభై డిగ్రీలు దాటితే ముదురురంగు ఆ వేడంతా పీల్చుకుని వేళ్లను ఉడకబెడుతుంది. తెల్లగా ఉన్నదానికి ఆ బాధ తక్కువ. అక్కడా సున్నమే గెలిచింది.

హాస్టళ్లలో ఉండే చెల్లెళ్లకూ అక్కలకూ ఒక మనవి. ఉద్యోగమొచ్చో, పెళ్లి కుదిరో, రెండూ రాక ఊరెళ్లిపోతూనో గది ఖాళీ చేసేటప్పుడు ఆ కుండీని బస్సులో మోసుకెళ్లకండి. కిటికీలోనే వదిలేసిపోండి. మీ తర్వాత వచ్చే పిల్ల మీ పువ్వు మీద తన పువ్వు వేసుకుంటుంది. వార్లీ వేస్తే వేసుకోండి, బాపు బొమ్మ వేసి గేటెక్కించుకుంటే ఎక్కించుకోండి, అది మీ ఇష్టం. అడుగున చిల్లు మాత్రం మూయకండి.